అనుమానానికొక తూకం: నాణేల పరిశీలన పెట్టెను ఏడాది పాటు వాడిన తరువాత

అరచేతిలో ఇమిడే తూకపు యంత్రం, వెడల్పూ మందమూ కొలిచే ఒక డిజిటల్ కాలిపర్, మడిచి పెట్టుకోగల భూతద్దం, చిటికెన వేలి గోరంత అయస్కాంతం, యంత్రాన్ని సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూనికరాయి. ఇవన్నీ అమర్చిన నల్లని పెట్టె ఒకటి ఏడాదిగా నా బల్ల మీద ఉంటోంది. నాణేలు సేకరించేవారి కోసమే రూపొందించినట్టు మూత మీద రాసి ఉంది గాని, లోపలి వస్తువుల్లో నాణేలకే ప్రత్యేకించినది ఏదీ లేదు. ఇటువంటి పెట్టెలు చాలానే దొరుకుతాయి, అన్నింటిలోనూ దాదాపు ఇవే వస్తువులు ఉంటాయి. కాబట్టి ఈ సమీక్షలో తయారీదారు పేరు ప్రస్తావించడం లేదు. ఈ పనిముట్లు ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు, నకిలీల భయంతో ఆల్బమ్ తెరవడమే మానేసిన మనిషికి ఇవి ఏ మేరకు అక్కరకు వస్తాయి అన్నదే నేను చెప్పదలచినది.

ఆల్బమ్ తెరవడం మానేసిన మనిషిని నేనే. ఆసియా వ్యాపారం కోసం అమెరికా ముద్రించిన వెండి నాణెం, 1877 నాటి ట్రేడ్ డాలర్ ఒకటి ఎనిమిదేళ్ళ పాటు నా ఆల్బమ్ మొదటి పుటలో ఉండేది. దానిని చూడమని ఎంతో అనుభవం ఉన్న ఒక పెద్దాయన చేతికి ఇచ్చాను. ఆయన బొమ్మ వైపు గాని బొరుసు వైపు గాని తిప్పి చూడలేదు. అరచేతిలో ఒకసారి పైకీ కిందికీ ఆడించి, "ఇది తేలిగ్గా ఉందండీ, వెండి బరువు కాదు" అని నెమ్మదిగా అన్నారు. నాకు నష్టమైన డబ్బు కన్నా ఎక్కువగా బాధించిన సంగతి మరొకటి ఉంది. ఎనిమిదేళ్ళు దానిని చూసి నేను పడిన ఆనందం ఒక అబద్ధం మీద నిలిచిందన్న ఊహ వచ్చిన తరువాత, మిగిలిన నాణేలు కూడా నా కళ్ళకు మునుపటిలా కనిపించలేదు. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ఏ నాణెం మెరుపు చూసినా పూత అనిపించేది, ఏ నాణెం అరుగుదల చూసినా కావాలని అరగదీసినట్టు తోచేది. కొత్తది కొనలేదు, ఉన్నవాటిని చూడలేదు. దాదాపు ఏడాది తరువాత ఈ పెట్టె తెచ్చుకున్నాను.

మొట్టమొదట తూకానికి పెట్టింది ఆ ట్రేడ్ డాలర్‌నే. అది 27.22 గ్రాములు ఉండాలి, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు ఉండాలి. వ్యాసం సరిగ్గా సరిపోయింది. తూకం మాత్రం 23.16 దగ్గర ఆగింది. ఎనిమిదేళ్ళలో నేను తెలుసుకోలేని సంగతిని యంత్రం నాలుగు సెకన్లలో చెప్పేసింది. అంకె చూసి దిగులు పడవలసిన మాటే గాని, నిజం చెప్పాలంటే నాకు ఊరట కలిగింది. ఎందుకంటే అప్పటివరకూ అది ఒకరి అభిప్రాయంగా ఉండేది, ఆ క్షణం నుంచి అది నేను స్వయంగా చూడగలిగిన కారణంగా మారింది.

కారణం సులువైనదే. వెండి సాంద్రత 10.49, రాగి సాంద్రత 8.96. తొమ్మిది పాళ్ళు వెండి, ఒక పాలు రాగి కలిపిన నాణెం సాంద్రత దాదాపు 10.3 ఉంటుంది. రాగి, నికెల్ కలిపిన చవక లోహంతో అదే కొలతల్లో నాణెం చేస్తే బరువు తప్పనిసరిగా తగ్గుతుంది. బరువు సరిపెట్టాలంటే నకిలీ చేసేవాడు నాణేన్ని మందంగానో వెడల్పుగానో చేయాలి, అప్పుడు కాలిపర్‌కు దొరికిపోతాడు. సీసం కలిపి బరువు పెంచితే నాణెం మెత్తబడుతుంది, మోగవలసిన తీరులో మోగదు. అంటే బరువు, వ్యాసం, మందం మూడింటినీ ఒకేసారి సరిపెట్టడం చవక లోహంతో అయ్యే పని కాదు. ఈ పెట్టెలోని తూకమూ కాలిపరూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. విడిగా ఏ ఒక్కటి ఉన్నా సగం పనే అవుతుంది.

తూకపు యంత్రం 0.01 గ్రాము వరకు చూపుతుంది. ఇందులో ఈ గుణమే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 0.1 గ్రాము వరకే చూపే యంత్రం పెద్ద వెండి నాణేలకు ఎలాగో సరిపోతుంది గాని, 2.5 గ్రాముల చిన్న నాణేలకు అక్కరకు రాదు. అయితే ఇంత సున్నితమైన యంత్రాన్ని వాడటానికి కొంత ఓపిక కావాలి. చదునైన గట్టి బల్ల మీద పెట్టాలి, ఫ్యాను ఆపాలి, ఆన్ చేసిన తరువాత కొన్ని నిమిషాలు అలాగే వదిలేసి, తూనికరాయితో ఒకసారి సరిచూసుకోవాలి. నేను ఒకే నాణేన్ని పదిసార్లు తీసి పెట్టి చూశాను. ఎనిమిదిసార్లు అదే అంకె వచ్చింది, రెండుసార్లు చివరి అంకె ఒకటి అటూ ఇటూ అయింది. జేబులో పట్టే యంత్రం నుంచి ఇంతకన్నా ఆశించనవసరం లేదు.

ఇక్కడ కొత్తవారు కంగారు పడే విషయం ఒకటి ఉంది. పుస్తకంలో ఉన్న బరువు, యంత్రం చూపే బరువు అచ్చంగా ఒకటి కానక్కరలేదు. మోర్గన్ డాలర్ అనే అమెరికన్ వెండి నాణెం ప్రామాణిక బరువు 26.73 గ్రాములు. కొత్త నాణేనికే దాదాపు 0.1 గ్రాము ఎక్కువ తక్కువలను టంకశాల అనుమతించేది. దాని మీద కొన్ని దశాబ్దాల పాటు చేతులు మారిన నాణెం అరిగి మరికొంత తగ్గుతుంది. బాగా అరిగిన నాణెం 26.4 తూగితే అది సహజం. ఎంతో అరిగినట్టు కనిపించే నాణెం సరిగ్గా 26.73 తూగితేనే నేను రెండోసారి చూస్తాను.

పెట్టెతో వచ్చిన కాగితంలో లేని పరీక్ష ఒకటి ఈ తూకంతో చేయవచ్చు. ఏడాదిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది అదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. చిన్న గాజు గ్లాసులో నీళ్ళు పోసి యంత్రం మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోవాలి. నాణేనికి సన్నని దారం కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా, కాని అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు యంత్రం చూపే అంకె, నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. మునిగిన నాణేనికి సన్నని గాలి బుడగలు పట్టుకుంటాయి, అవి ఉన్నంతసేపూ లెక్క తప్పుతుంది. దారాన్ని వేలితో మెల్లగా తట్టితే బుడగలు ఒక్కొక్కటిగా వదిలి పైకి తేలుతాయి, అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట నిలుస్తుంది. ఆ నిలిచే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. పరీక్ష అయ్యాక నాణేన్ని రుద్దకూడదు, మెత్తని గుడ్డ మీద పెట్టి అద్దాలి.

ఈ పరీక్షను అలవాటు చేసుకోవడానికి బ్రిటిష్ ఇండియా రూపాయలు చక్కగా పనికివస్తాయి. 1939 వరకు ముద్రించిన రూపాయిలో నూటికి 91.7 పాళ్ళు వెండి, 1940 నుంచి వచ్చిన వెండి రూపాయిలో సగమే వెండి. రెండింటి ప్రామాణిక బరువూ 11.66 గ్రాములే కాబట్టి తూకం వాటిని వేరు చేయలేదు. నీళ్ళలో వేలాడదీస్తే యంత్రం అంకె మొదటిదానికి 1.13 గ్రాముల దగ్గర, రెండోదానికి 1.22 గ్రాముల దగ్గర ఆగింది. రెండూ అసలు నాణేలే, లోహమే వేరు. పాలను, నీళ్ళను హంస వేరు చేస్తుందంటారు, ఒక గ్లాసుడు నీళ్ళు వెండిని వేరు చేయడం నేను కళ్ళారా చూశాను. 2.5 గ్రాముల నాణేనికి మాత్రం ఈ పద్ధతి నమ్మదగినది కాదు. అది నెట్టే నీరు 0.24 గ్రామే కనుక, చివరి అంకె ఒక్కటి మారినా ఫలితం ఎటో పోతుంది.

నాణేన్ని గాయపరచకుండా దాని లోపలి లోహాన్ని అడగగలగడం చిన్న విషయం కాదు. క్రీస్తుపూర్వం 375-74లో ఏథెన్స్ నగరం వెండి నాణేల గురించి ఒక చట్టం చేసింది. అంగడిలో కూర్చుని నాణేలు పరీక్షించే ప్రభుత్వ బానిస, లోపల రాగో సీసమో ఉన్న నాణెం కనబడితే దానిని అడ్డంగా నరకాలి. ఆ పరీక్షకుడు తన పని చేయకపోతే 50 కొరడా దెబ్బలు. ఆ కాలపు నాణేల మీద కనిపించే లోతైన గాట్లు ఇటువంటి అనుమానానికి గుర్తులే. చైనాలో చెలామణీ అయిన ట్రేడ్ డాలర్ల మీద షరాబులు తమ చిన్న ముద్రలు కొట్టేవారు, ఇది వెండే అని తాము పూచీ పడుతున్నట్టు. అటువంటి ముద్రలు ఉన్న అసలు నాణేన్ని భూతద్దం కింద పెట్టినప్పుడు, నకిలీ భయం నాతో మొదలైనది కాదని, నాణెం పుట్టిన నాటి నుంచీ దాని వెంటే ఉందని అర్థమై మనసు తేలికపడింది. ఆ ముద్రలను కూడా ఇప్పుడు నకిలీ చేస్తున్నారు, అది వేరే సంగతి.

అయస్కాంతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెండి, బంగారం, రాగి దానికి అంటుకోవు. అంటుకున్నది వెండి నాణెం కాదు. అంటుకోనంత మాత్రాన వెండి అని కూడా కాదు.

భూతద్దం దగ్గర కొంచెం ఆగాలి. 1943లో అమెరికా టంకశాలలు యుద్ధ అవసరాల కోసం రాగిని మిగల్చడానికి సెంట్ నాణేలను జింకు పూసిన ఉక్కుతో ముద్రించాయి. పొరపాటున పాత కంచు బిళ్ళల మీద పడిన కొద్ది నాణేలు ఎంతో అరుదైనవి కావడంతో నకిలీలు కుప్పలుగా పుట్టాయి. ఉక్కు సెంట్ 2.7 గ్రాములు, కంచు సెంట్ 3.11 గ్రాములు. ఉక్కు నాణేనికి రాగి పూత పూస్తే తూకమూ అయస్కాంతమూ వెంటనే పట్టేస్తాయి. కాని 1948 నాటి కంచు సెంట్ తీసుకుని 8 అంకెలో ఎడమ పక్కను చెక్కి 3గా మార్చితే, బరువు సరైనదే, లోహమూ సరైనదే, నాణెమూ అసలైన టంకశాల నాణెమే. అక్కడ దారి చూపేది కన్ను ఒక్కటే. అసలు 1943లో 3 అంకె తోక పొడవుగా కిందికి దిగి ఉంటుంది, 8 నుంచి చెక్కిన 3కి ఆ తోక ఉండదు. ఇటువంటిదే మరొకటి 1914 నాటి డెన్వర్ టంకశాల సెంట్. 1944 నాణెంలో మొదటి 4ను చెక్కి 1గా మార్చినప్పుడు అంకెల మధ్య ఖాళీ వెడల్పుగా మిగులుతుంది. పైగా నాణెం మీది లింకన్ బొమ్మలో భుజం కింద, ఆ బొమ్మను రూపొందించిన శిల్పి పొడి అక్షరాలు కనబడతాయి. ఆ అక్షరాలు భుజం మీదికి వచ్చింది 1918లో కనుక 1914 నాణెం మీద అవి ఉండే వీలే లేదు. ఈ సంగతి మొదటిసారి చదివి భూతద్దం పట్టుకున్న రోజు, ఎన్నో నెలల తరువాత, ఒక చిన్న నాణెం ముందు గంటసేపు ఒళ్ళు మరచి కూర్చున్నాను.

పోత నాణేలను పట్టడం కూడా భూతద్దం పనే. ముద్ర కొట్టిన నాణెంలో అక్షరాల అంచులు పదునుగా లేస్తాయి. మూసలో పోసిన నాణెంలో అవి మైనంలా జారినట్టు ఉంటాయి, పైన సూది మొనంత గుంటలు కనబడతాయి, అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన అతుకు గీత ఉంటుంది, లేదా దానిని రాచి చెరిపిన గుర్తులు ఉంటాయి. అసలు నాణెం నుంచి అచ్చు తీసి ముద్ర కొట్టిన నకిలీలు ఇంతకన్నా కష్టమైనవి. తల్లి నాణెం మీద ఉన్న దెబ్బ కూడా అచ్చులోకి ఎక్కుతుంది కనుక, చెంప మీద ఒకేచోట ఒకే ఆకారంలో గీత ఉన్న నాణేలు రెండు కనబడితే రెండింటినీ అనుమానించాలి. ఒక నాణేన్నే చూస్తూ కూర్చుంటే ఇది ఎప్పటికీ తెలియదు. ఎన్నో అసలు నాణేల ఫోటోలను పక్కన పెట్టుకుని పోల్చే అలవాటు ఉండాలి, ఆ అలవాటును ఏ పెట్టె కూడా అమ్మలేదు.

పెట్టె చేయలేని పనులను కూడా స్పష్టంగా చెప్పాలి. 1907 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణేలకు ఒక నకిలీ రకం ఉంది. చేసినవాడు గద్ద గోళ్ళ వంపులో సూక్ష్మంగా గ్రీకు అక్షరం ఒమేగాను గుర్తుగా పెట్టాడు. బంగారం సరైనదే, బరువు సరైనదే, పనితనం నిపుణులనే తికమక పెట్టేంత గొప్పది. న్యూ ఆర్లియన్స్ టంకశాల పేరుతో 1896, 1900, 1902 సంవత్సరాలు వేసిన, టంకశాల గుర్తు 'O' అక్షరం చిన్నదిగా ఉన్న మోర్గన్ డాలర్లను ఎంతోకాలం అసలువనే అనుకున్నారు. అవి ఆ రోజుల్లోనే చేసిన నకిలీలని, నాణేలను పరీక్షించి ధృవీకరించే పీసీజీఎస్ సంస్థ 2005లో ప్రకటించింది. వాటిలో ఉన్నది వెండే. ఇటువంటివాటి ముందు నా తూకం తలవంచుతుంది. కాబట్టి విలువైన నాణెం కొనేటప్పుడు నేను ఇప్పుడు రెండు పనులు చేస్తాను. గుర్తింపు ఉన్న ధృవీకరణ సంస్థ పరీక్షించి మూసిన పెట్టెలో ఉన్నదే తీసుకుంటాను, ఆ ప్లాస్టిక్ పెట్టె మీది సంఖ్యను సంస్థ జాబితాలోని ఫోటోతో పోల్చి చూస్తాను. ఆ పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి కనుక రెండో పని మానకూడదు.

మరొక హెచ్చరిక నా అనుభవం నుంచి. పెట్టె వచ్చిన మొదటి నెలలో నేను ఆల్బమ్ మొత్తం తూచాను, అందులో తప్పు లేదు. తరువాత తూచినవాటినే మళ్ళీ తూచడం మొదలుపెట్టాను. నిద్ర పట్టని రాత్రి లేచి, నిన్న 26.68 చూపిన నాణెం ఈ రోజు కూడా అదే చూపుతుందా అని చూసేవాణ్ణి. యంత్రం ఒక ప్రశ్నకు జవాబు ఇస్తుంది గాని, అడగడం మానేయమని మనకు చెప్పదు. చివరికి ప్రతి నాణేనికి ఒక చిన్న కార్డు రాశాను. బరువు, వ్యాసం, మందం, నీటి పరీక్ష ఫలితం, చూసిన తేదీ. కార్డు రాసిన నాణేన్ని మళ్ళీ తూకానికి పెట్టకూడదన్న నియమం పెట్టుకున్నాను. నా మనసుకు ఆ కార్డులు చేసిన మేలు పెట్టె చేసిన మేలు కన్నా తక్కువ కాదు. మొత్తం 212 నాణేల్లో మూడు నకిలీవని తేలాయి, నాలుగు సందేహంగా మిగిలాయి. మిగిలినవాటిని చూడటానికి నాకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు.

నకిలీ ట్రేడ్ డాలర్‌ను పారేయలేదు, ఎవరికీ అంటగట్టలేదు. నకిలీ అని స్పష్టంగా రాసిన కవరులో అదే మొదటి పుటలో ఉంచాను, దాని పక్కన ధృవీకరించిన ఒక అసలు ట్రేడ్ డాలర్, షరాబుల ముద్రలు రెండు ఉన్నది, ఈ మధ్యనే చేరింది. సంస్థ పెట్టెలో మూసి ఉన్నా దానిని దీపం కింద వంచి చూస్తే, కూర్చున్న దేవి చీలమండ దగ్గర వెండి అరిగి మెత్తబడిన తీరు, నకిలీ నాణెంలో అదే చోట రేకులా మెరిసే తీరు, రెండూ ఒక్క చూపులో తెలిసిపోతాయి. ఈ తేడా ఎనిమిదేళ్ళూ నా కళ్ళ ముందే ఉంది.

ఇక వస్తువుల్లోని లోపాలు. తూకపు యంత్రం అరవై సెకన్లకు దానంతటదే ఆగిపోతుంది, నీటి పరీక్షలో బుడగలు వదిలేలోపే తెర ఆరిపోవడం నాకు ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు. ఈ ఒక్కటి మార్చుకునే వీలు ఇస్తే యంత్రానికి పూర్తి మార్కులు వేసేవాణ్ణి. కాలిపర్ దవడలు ఉక్కువి, నాణెం అంచును గీసేస్తాయి. రెండో రోజే ఒక పాత నాణెం అంచు మీద సన్నని మెరుపు గీత పడింది, అప్పటి నుంచి దానిని పక్కన పెట్టి ప్లాస్టిక్ దవడల కాలిపర్ వాడుతున్నాను. భూతద్దం మీద 30 రెట్లు అని చెక్కి ఉంది గాని పెద్దది చేసి చూపడం అందులో సగం కూడా లేదు, పైగా అంచుల్లో రంగులు చెదురుతాయి. మూడు కటకాల 10 రెట్ల భూతద్దం విడిగా తెచ్చుకున్నాక గాని అంకెల అంచులు నాకు సరిగా కనబడలేదు. తూనికరాయి నమ్మదగినది, దానిని వేళ్ళతో కాకుండా గుడ్డతో పట్టుకోవాలి.

పెద్ద వెండి నాణేలు సేకరించేవారు ఈ పెట్టెను నిస్సందేహంగా తీసుకోవచ్చు, తూకం ఒక్కటే దాని విలువ చేస్తుంది. అంకెలు మార్చిన అరుదైన నాణేల జోలికి వెళ్ళేవారు ముందుగా మంచి భూతద్దం తెచ్చుకుని, తూకం తరువాత కొనడం మేలు. బంగారు నాణేలు మాత్రమే కొనేవారికి దీనితో నేను ధైర్యం చెప్పలేను, వారు ధృవీకరణ సంస్థలకే పంపుకోవాలి. నా పెట్టెలో నుంచి కాలిపర్, భూతద్దం బయటికి పోయాయి. ఆ ఖాళీల్లో దారపు ఉండ ఒకటి, రాయని కార్డుల కట్ట ఒకటి చేరాయి.